జీబీఎస్ తర్వాత నా వేళ్లకు పని చెప్పిన బొంత

గిలియన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్) చాలామందికి విరేచనాలో జలుబో తగ్గిన కొద్ది రోజులకు మొదలవుతుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుంది. కాళ్లలో తిమ్మిరి, ఆపైన నీరసం, అది పైకి పాకడం. నాకూ అంతే. వెన్ను నీరు తీశారు, నరాల పరీక్షలు చేశారు, నరాల మీద ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఎక్కించారు. ఇవన్నీ ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేవు. ఒక రాత్రి మాత్రం మరుపుకు రాదు.

ఆ రాత్రి నీరసం ఛాతీ దాకా వచ్చింది. ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలనో నర్సు మాటిమాటికీ చూస్తోంది. ఊపిరి కండరాల బలం తెలియడానికి అదో తేలిక పరీక్ష. ఇరవై దాకా రాకపోతే ప్రమాదమే. నా అంకెలు తగ్గుతూ వచ్చాయి. "ఇంకొక్కటి అనమ్మా, నేనిక్కడే ఉన్నా" అంటూ తెల్లారేదాకా ఆమె కదల్లేదు. వెంటిలేటర్ అవసరం పడలేదు. దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా ఆమె చల్లగా ఉండాలని కోరుకుంటాను.

కోలుకుంటుండగా ఒక డాక్టరు నా వేళ్లు చూసి, "నడక వస్తుంది. సన్న పనులు మాత్రం మర్చిపోండి" అని పక్క మంచానికి వెళ్లిపోయారు. ఆ మాటను నేనింకా క్షమించలేదు. ఈ జబ్బులో నరాలు బాగుపడటానికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. చేతులు, పాదాలు సాధారణంగా చివర్న కోలుకుంటాయి. అది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

ఫిజియోథెరపిస్టు సరేనన్నాకే చేత్తో బొంత కుట్టడం మొదలుపెట్టాను. కుట్టుపనితో నరాలు బాగుపడవు, అలా ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ ఒక చేయి పైనుంచి సూదిని నెడుతుంటే, రెండో చేతి వేలు కిందనుంచి మొనను పసిగట్టాలి. పట్టు, స్పర్శ, రెండు చేతుల పొందిక, మూడింటికీ ఒకేసారి పని పడుతుంది. పైగా అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో చూస్తే పురోగతి కళ్లకు కనిపిస్తుంది.

చిన్నదానితో మొదలుపెట్టండి. ఉతికి ఆరేసిన నూలుగుడ్డను మూడున్నర అంగుళాల చదరాలుగా 36 కత్తిరించి, పావు అంగుళం అంచు వదిలి కలిపితే 18 అంగుళాల పైచిలుకు పైగుడ్డ వస్తుంది. ఒక వరుస కుట్టు మడతలను కుడికీ, తర్వాతి వరుసవి ఎడమకీ ఇస్త్రీ చేయాలి. లేకపోతే మూలల్లో మందం పేరుకుని సూది దిగదు. నడుమ వేసే దూది పొర పలచగా ఉండాలి; నీరసించిన చేతులకు మందపు పాలిస్టర్ వద్దు. అడుగు గుడ్డగా ఒత్తు నేత దుప్పటి వాడినా అవస్థే. దూది పొర, అడుగు గుడ్డ రెండూ పైగుడ్డ కన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దవిగా ఉండాలి. మూడు పొరలనూ మధ్యనుంచి బయటికి, నాలుగేసి అంగుళాల దూరంలో కచ్చా కుట్టు వేసి కలపాలి. అంచునుంచి మొదలుపెడితే ముడత మధ్యకు చేరుతుంది, దాన్ని తర్వాత సర్దలేం.

పొట్టి క్విల్టింగ్ సూది, 8 లేదా 9 నంబరుది తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ సూది చిన్నదవుతుంది. దారం 18 అంగుళాలు చాలు. పొడుగైతే పీచులేచి ముడిపడుతుంది. చివర చిన్న ముడివేసి, దాన్ని పైగుడ్డ కిందికి లాగి దూదిలో దాచాలి. కుట్టేటప్పుడు గుడ్డను పట్టి ఉంచే గుండ్రటి రింగులో దాన్ని బిర్రుగా బిగించొద్దు, కాస్త వదులుంటేనే సూది ఊగుతుంది. సూదిని నిలువుగా దించి, మొన కింది వేలికి తగలగానే వెనక్కి వాల్చి పైకి తేవాలి. నెట్టేది నడివేలికి తొడిగే థింబుల్ అనే చిన్న టోపీతో. కుట్లు చిన్నవి కావాలన్న ఆరాటం వద్దు, ముందు సమానంగా పడాలి. అంగుళానికి ఐదారు వచ్చినా మొదట్లో మంచి పనే.

స్పర్శ పూర్తిగా రానివాళ్లు ఒక్క విషయం మర్చిపోవద్దు: గుచ్చుకున్నా తెలియదు. నాలుగైదు కుట్లకోసారి కింది వేలిని కళ్లతో చూసుకోండి. సూది జారిపోతుంటే బెలూన్ ముక్కతో పట్టి లాగండి. పది నిమిషాలు కుట్టి, అలసట రాకముందే ఆపండి. పట్టుదలకు పోయి కుడితే మర్నాడు చెంచా పట్టుకోవడమూ కష్టమవుతుంది. ఇంట్లోవాళ్లు "ఇంకాస్త కుట్టు, అలవాటవుతుంది" అంటే వినకండి.