ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగిన ఫాదర్

నిన్న రాత్రంతా బెర్నార్డినో దె సహగున్ గురించే చదువుతూ కూర్చున్నా. ఫ్రాన్సిస్కన్ సభ ఫాదర్, 1529లో స్పెయిన్ నుంచి మెక్సికో వెళ్లి 1590లో పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. వెళ్లింది మతం చెప్పడానికే, అందులో దాపరికం ఏం లేదు, కానీ అక్కడి అజ్టెక్ జనం మాట్లాడే నావాట్ల్ భాష నేర్చుకుని, త్లతెలోల్కో కాలేజీలో అక్కడి కుర్రాళ్లకి లాటిన్ చెప్పి, తర్వాత వాళ్లనే వెంటేసుకుని పెద్దవాళ్లని కూర్చోబెట్టి దేవుళ్లు, పండగలు, మందు మొక్కలు, పిట్టలు, చివరికి స్పెయిన్ వాళ్లు చేసిన యుద్ధం కూడా వాళ్ల మాటల్లోనే రాయించాడు. మొత్తం 12 పుస్తకాలు! ఒక పక్క నావాట్ల్, ఇంకో పక్క స్పానిష్, 2,000కి పైగా బొమ్మలు. 1576లో మహమ్మారికి జనం రాలిపోతున్నా పని ఆపలేదు. మరుసటేడే స్పెయిన్ రాజుగారు ఇవన్నీ లాక్కోమని ఆర్డర్ వేశాడు, అదీ గౌరవం! ఇప్పుడా రాతప్రతి ఇటలీలో ఫ్లోరెన్స్‌లోని ఓ లైబ్రరీలో ఉంది. రాసిన కుర్రాళ్లలో ఆంటోనియో వలెరియానో పేరు మనకెంతమందికి తెలుసు? సహగున్ మాత్రం ఆ పేరు రాసిపెట్టాడు.