ఆ అక్క కూడా నాలాగే

"అమ్మా, ఆ అక్క కూడా నాలాగే" అంది మా పెద్దది, ఇంగ్లీషులో.

హిమాచల్ ప్రదేశ్‌లో స్పితి లోయలోని తాబో ఊళ్ళో మేం దిగిన ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నాం. ఆ ఇంటి అవ్వ భోటీలో, అంటే టిబెటన్‌కి దగ్గరగా ఉండే వాళ్ళ భాషలో, ఏదో అడుగుతోంది. కాలేజీ చదివే మనవరాలు ఫోన్‌లోంచి తలెత్తకుండా హిందీలో జవాబిస్తోంది. న్యూజెర్సీలో మా వంటగది గుర్తొచ్చింది నాకు.

దీన్ని చూపించడానికి కాదు నేను పిల్లల్ని స్పితి దాకా లాక్కెళ్ళింది. "పది వేల అడుగుల పైన, వెయ్యేళ్ళుగా తమ భాషనీ ఆచారాన్నీ నిలుపుకున్నవాళ్ళని చూద్దురుగాని" అని దారంతా ఉపన్యాసం. గుంటూరులో అమ్మమ్మ దగ్గర పది రోజులు కోసేసి మరీ వెళ్ళాం. మా ఆయన వద్దన్నాడు. వింటానా?

దారిలో రెకాంగ్ పియో అనే ఊళ్ళోనే మొదటి దెబ్బ తగిలింది. అక్కడి నుంచి తాబో దారికి విదేశీయులకి పర్మిట్ కావాలి. ఇండియా పాస్‌పోర్టు కాబట్టి నాకు అక్కర్లేదు. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా కావాలి. "అయితే ఇక్కడ నేను ఫారినర్‌నా?" అంది పెద్దది. "ఊరికే కాగితం కోసంలే" అన్నాను. ఆ కాగితం కోసం సగం రోజు కూర్చున్నాం.

తాబో బౌద్ధ గుడి 996లో కట్టింది. బయటి నుంచి చూస్తే మట్టిగోడలే. లోపల చీకటి, ఆ చీకట్లో మెల్లగా తేలే రంగులు, గోడల మీద మట్టి విగ్రహాలు. ఫోటోలు తీయకూడదన్నారు. ఇరవై నాలుగు గంటలూ "ఫోన్ పక్కన పెట్టు" అని అరిచే నాకు ప్రాణం ఉసూరుమంది. స్టేటస్‌లో ఏం పెట్టను? మా అమ్మాయి మాత్రం చల్లటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేనే రెండుసార్లు "ఇక వెళ్దామా" అన్నాను.

ఆ రాత్రి అవ్వ, మీదే ఊరని అడిగింది. ఆంధ్ర అన్నాను, గుంటూరు అన్నాను, తెలియలేదు. అమరావతి దగ్గర అన్నాను. చేతిలో గరిటె పక్కన పెట్టి చేతులు జోడించింది. కాలచక్రమనే బౌద్ధ తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఇప్పటి అమరావతిలోనే, అని వాళ్ళ నమ్మకం. తాబో గుడికి వెయ్యేళ్ళు నిండిన 1996లో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు. 2006లో అమరావతిలో ఇస్తే, అవ్వ బస్సులూ రైళ్ళూ మారి అక్కడికీ వెళ్ళిందట. "స్తూపం చుట్టూ తిరిగాను. నువ్వు రోజూ తిరిగేదానివా?" అంది.

అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, బయట చెరుకురసం తాగి ఇంటికొచ్చేవాళ్ళం మేము. స్తూపాన్ని బస్సు కిటికీలోంచి చూశానేమో, అదీ గుర్తులేదు. నా హైదరాబాదీ హిందీలో "అప్పుడప్పుడు" అన్నాను. మా అమ్మాయి నా వంక చూసింది.

ఇక సలహా. స్పితికి షిమ్లా వైపు నుంచే వెళ్ళండి, ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. మనాలి నుంచైతే కుంజుమ్ కనుమ ఒక్కసారిగా పదిహేను వేల అడుగులకి ఎక్కిస్తుంది. ఇంతవరకూ గట్టిగా చెప్పగలను. పిల్లలకి ఉపన్యాసాలు ఇవ్వకండి అని కూడా రాయబోయాను. కానీ ఇవ్వకపోతే ఆ నాలుగు తెలుగు ముక్కలైనా మిగులుతాయా? మరి ఇచ్చినందుకు మాత్రం ఏం మిగిలాయి? మా అమ్మకి వాట్సాప్‌లో నేను పెట్టే మెసేజీలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. అయినా ఆ మనవరాలితో "అవ్వకి మీ భాషలో చెప్పొచ్చుగా" అనబోయి, హిందీ మాట దొరక్క ఆగాను.

తిరుగు ప్రయాణంలో కారులో అన్నాను, వచ్చే వేసవికి అమరావతి వెళ్దాం, స్తూపం చూద్దాం అని.

"దానికి కూడా నాకు పర్మిట్ కావాలా?" అంది. ఈసారి తెలుగులోనే.