తలనొప్పి మందు, తెలుగు పత్రిక

పాత తెలుగు పత్రికలు చేతికి వచ్చినప్పుడు నేను వ్యాసాలకంటే ముందు ప్రకటనలే చదువుతాను. ఆనాటి ఇళ్లలో ఏమి కొనేవారో, దేనికి భయపడేవారో అవే ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

వాటిలో అమృతాంజనానిది ప్రత్యేకమైన కథ. కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ఈ తలనొప్పి మందు వ్యాపారం ప్రారంభించి, సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. కచేరీ సాగేచోట తలనొప్పి మందు పంచడంలోని చమత్కారం ఆయనకు తట్టకపోయి ఉంటుందా! ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో మద్రాసునుండి దినపత్రిక అయింది. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక వచ్చింది. విదేశీ మందులు బజారును ఏలుతున్న కాలంలో ఒక దేశీయ లేపనం జాతీయోద్యమ పత్రికను పోషించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మద్రాసులోనే కేసరి కుటీరం అనే ఆయుర్వేద మందుల సంస్థ అధిపతి కె.ఎన్. కేసరి స్త్రీల కోసం లోధ్ర అనే ఔషధాన్ని అమ్మి, 1928లో గృహలక్ష్మి మాసపత్రికను స్థాపించారు. మందు కొనే ఇల్లాలే పత్రిక చదివే ఇల్లాలు కూడా కావడం కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను.

నిజాం రాజ్యంలో మాత్రం దారి వేరు. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్, నీలగిరి తైలం ప్రధానంగా ఉన్న యునానీ ద్రవం. దానిని జలుబుకు, దగ్గుకు, కడుపునొప్పికి కూడా వాడారు. అన్ని రోగాలకు ఒకే సీసా అనే మాటను నేను నమ్మను గాని, ఆ సీసా నేటికీ అమ్ముడవుతూనే ఉంది.