జీఆర్ఈ ఇంగ్లీషుకి మా తెలుగు సార్ నేర్పిన అన్వయం: నా అనుభవం

జీఆర్ఈ అంటే అమెరికాలో పై చదువులకి కొన్ని యూనివర్సిటీలు అడిగే పరీక్ష. అందులో ఇంగ్లీషు భాగం పేరు వెర్బల్. ఆ వెర్బల్‌లో నాకు మొదట వచ్చిన మార్కు 141. ఇంట్లో గడియారం ఎదురుగా పెట్టుకుని రాసిన నమూనా పరీక్ష అది. ఈ భాగంలో మార్కులు 130 దగ్గర మొదలై 170 దగ్గర ఆగుతాయి కాబట్టి 141 అంటే అడుగున ఉన్నట్టే. అప్పటికి రెండు నెలలుగా రోజుకి 50 మాటల చొప్పున బట్టీ పడుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిందంతా ఎటు పోయిందో అర్థం కాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. నాన్నకి నాలుగెకరాల రొయ్యల చెరువుంది. నేను పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత ముత్తుకూరు మత్స్య కళాశాలలో బి.ఎఫ్.ఎస్‌సి. డిగ్రీ నాలుగేళ్ళూ పాఠాలు ఇంగ్లీషులోనే విన్నాను, పరీక్షలూ ఇంగ్లీషులోనే రాశాను. అయినా ఆ ఇంగ్లీషు వేరు. రొయ్యకొచ్చే రోగం గురించి రాసిన వాక్యంలో తెలియని మాట తగిలినా, విషయం ముందే తెలుసు గనక దాటిపోయేదాన్ని. జీఆర్ఈలో ఆ ఆసరా ఉండదు. ఒక పేరా పాత నవలల గురించి, ఇంకోటి నక్షత్రాల గురించి, మరోటి ఎక్కడో కార్మికుల సమ్మె గురించి. అమెరికాలో ఆక్వాకల్చర్‌లో ఎమ్మెస్ చెయ్యాలన్నది నా కోరిక. జీఆర్ఈ అడగని యూనివర్సిటీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నేను మనసు పడ్డవాటిలో రెండు మాత్రం అడిగాయి.

నెల్లూరు టౌన్లో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. చేరిన రోజే 3,500 మాటల జిరాక్సు పుస్తకం చేతిలో పెట్టారు. ప్రతి మాటకీ పక్కన ఒక్కటే అర్థం. వారానికోసారి టెస్టు. మాట అడుగుతారు, అర్థం రాయాలి. నాకు వందకి తొంభై దాకా వచ్చేవి. తర్వాత తెలిసిందేమిటంటే, మాటకి వ్యతిరేక పదం చెప్పడం, మాటల జంటలు కలపడం లాంటి ప్రశ్నలు ఈ పరీక్షలోంచి 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు ప్రతి మాటా వాక్యంలో పడే వస్తుంది. మాకిచ్చిన పుస్తకం ఆ పాత పద్ధతికి తయారుచేసింది. ఈ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు, రెండు నెలల కాలమూ రాలేదు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నన్ను దెబ్బతీసింది పెద్ద పెద్ద మాటలు కావు. రోజూ వాడే మాటలే. మన ఇళ్ళలో 'వాడికి టెంపర్ ఎక్కువ' అంటాం గదా. పరీక్షలో ఒక విమర్శకుడు తన పొగడ్తని రెండు అభ్యంతరాలతో 'టెంపర్' చేశాడని ఉంటే, ఆ పొగడ్త జోరు తగ్గించాడని అర్థం. 'క్వాలిఫై' అంటే పోటీలో నెగ్గడం అని తెలుసు. అక్కడ అన్నమాటకి హద్దు పెట్టడం. 'పెడెస్ట్రియన్' అంటే రోడ్డు మీద నడిచే మనిషి అనుకుంటాం. ఒక పుస్తకాన్ని పెడెస్ట్రియన్ అన్నారంటే చప్పగా ఉందని. 'సాంక్షన్' మరీ చిత్రం. బ్యాంకులో లోను సాంక్షన్ అయితే అనుమతి, ఒక దేశం మీద సాంక్షన్ పెడితే శిక్ష. ఒకే మాట, రెండు ఎదురెదురు అర్థాలు. ఈ మాటలన్నీ నాకు వచ్చనుకుని పుస్తకంలో వీటిని దాటేసి పోయాను.

దారి మారింది చెరువు గట్టు మీద. ఎండాకాలం సెలవుల్లో నాన్న చెక్ ట్రే పైకి లాగుతుంటే పక్కన నిలబడ్డాను. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. చెరువులో మేత చల్లాక, అందులో కొంచెం వల పళ్ళెంలో వేసి నీళ్ళలోకి దించుతారు. రెండు గంటల తర్వాత పైకెత్తి చూస్తారు. పళ్ళెం ఖాళీగా ఉంటే రొయ్య బాగా తింటోందని, తర్వాతి పూటకి కాస్త పెంచుతారు. మేత మిగిలితే తగ్గిస్తారు. ఆ రోజు పళ్ళెంలో సగం మేత అట్టే ఉంది. ఉబ్బి తెల్లబడిన గుళికలు, వాటి మధ్యలో మూడు రొయ్య పిల్లలు. నాన్న వేలితో గుళిక నొక్కి చూసి, "ట్రే ఎత్తి చూస్తేనే గదమ్మా ఎంత తినిందో తెలిసేది. చూడకుండా వేసుకుంటా పోతే అడుగున కుళ్ళి, ఉన్న రొయ్య కూడా పొయ్యిద్ది" అన్నాడు. ఆయన మేత గురించే అన్నాడు. నేను 50 మాటల గురించి విన్నాను.

మర్నాటి నుంచి పొద్దున 15 మాటలే. ఒక్కో మాటకీ ఒక వాక్యం. రాత్రి భోజనాలయ్యాక నోటు మూసి, తెల్ల కాగితం మీద ఆ మాటలు రాసి, ఒక్కోదాన్ని పెట్టి నేను సొంతంగా వాక్యం రాయాలి. నాలుగు కంటే ఎక్కువ తప్పితే మర్నాడు కొత్త మాట లేదు, పాతవే. మూడో రోజు మళ్ళీ, వారానికి మళ్ళీ, ఇరవై రోజులకి మళ్ళీ చూసుకునేదాన్ని. ఇలా నాలుగు నెలల్లో నేను పట్టుకున్నవి 900 మాటలు దాటలేదు. పరీక్షకి అవి సరిపోయాయి.

మాటకి తెలుగు మాట పెట్టుకోవడంలో కూడా జాగ్రత్త నేర్చుకున్నాను. 'గార్రులస్' అంటే 'టాకటివ్' అని రాసుకుంటే నిలవలేదు. 'వాగుడుకాయ' అని రాసుకున్నాక ఎప్పటికీ పోలేదు. 'టాసిటర్న్' అంటే ముంగి. 'ఎక్వివొకేట్' అంటే అటూ ఇటూ కాకుండా మాట దాటెయ్యడం. 'ఎఫెమెరల్' అంటే క్షణికం. చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదివిన సంస్కృత మాటలు ఇక్కడ చాలా అక్కరకొచ్చాయి. తెలుగు మీడియం వాళ్ళకి ఈ పరీక్ష రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక పేరాలు చదవడం. నిజానికి కష్టమంతా ఇక్కడే. ఒక్కో వాక్యం నాలుగైదు లైన్లు సాగుతుంది. చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. ఒక రాత్రి అలాంటి వాక్యం ఒకటి పది సార్లు చదివి, విసుగొచ్చి నోటు పక్కన పెడుతుంటే తొమ్మిదో తరగతి తెలుగు సార్ గుర్తొచ్చారు. ఆయనకి తిక్కన అంటే ప్రాణం. మహాభారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన మనిషి మన నెల్లూరువాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. పద్యం పెద్దదని మేం భయపడితే, "పద్యం వరసన చదవమాకండి. ముందు క్రియ యాడుందో పట్టుకోండి. ఎవరు అని అడగండి. తర్వాత దేన్ని, ఎట్టా, ఎందుకు. అన్వయం కుదిరితే పద్యం నీ చేతిలో ఉన్నట్టే" అనేవారు.

ఇంగ్లీషు వాక్యానికి అదే చేశాను. ఆ వాక్యం 'ద క్లెయిమ్' అని మొదలవుతుంది. ఆ వాదనని ఎవరు తెచ్చారో, వాళ్ళు లెక్కల పుస్తకాలు తెరిచి చూడలేదని, కొత్త పన్ను తర్వాత నేతవాళ్ళు బాగుపడ్డారన్నదే ఆ వాదన అని, ఇవన్నీ కామాల మధ్య మూడు లైన్లు నిండాయి. ఆ తర్వాత ఎక్కడో 'రెస్ట్స్' అని క్రియ కనిపిస్తుంది. 'క్లెయిమ్' కింద ఒక గీత, 'రెస్ట్స్' కింద ఒక గీత గీశాను. వాదన నిలబడింది. దేని మీద? ఒకే ఒక్క ఊరి లెక్కల మీద. అంతే, వాక్యం విడిపోయింది. మధ్యలో ఉన్నవన్నీ విశేషణాలు. బడిలో పద్యానికి చేసిన పనే ఇది, లిపి ఒక్కటే వేరు.

అన్వయం తర్వాత తాత్పర్యం. ప్రతి పేరా చదివాక రెండు లైన్లు తెలుగులో రాసేదాన్ని. మొదటి లైను, రాసినవాడు ఏమంటున్నాడు. రెండో లైను, ఎవరి మాట కాదంటున్నాడు. ఈ రెండో లైను రాయడం మొదలుపెట్టాకే నా మార్కులు కదిలాయి. ఆ పేరాలు ఎక్కువగా 'ఇంతకాలం ఇలా అనుకున్నారు, కానీ' అనే తీరులో నడుస్తాయి. 'హౌఎవర్', 'దో', 'ఆల్బిఇట్', 'ఫార్ ఫ్రమ్' లాంటి మాట కనపడితే అక్కడ దారి మలుపు తిరిగిందని గుర్తు. తప్పు జవాబుల్లో పేరాలోని మాటలే యథాతథంగా పెడతారు. తాత్పర్యం చేతిలో ఉంటే వాటికి మోసపోము.

ఖాళీలు పూరించే ప్రశ్నలకి కూడా ఇదే మందు. కింద ఇచ్చిన మాటలు చెయ్యి అడ్డం పెట్టి మూసేసి, ముందు నా తెలుగు మాట వేసేదాన్ని. 'బయటివాళ్ళకి డాష్‌లా కనిపించినా, ఆ ప్రొఫెసర్ దగ్గరివాళ్ళతో గంటల తరబడి కబుర్లాడేవాడు' అని ఉందనుకోండి. డాష్‌లో ముంగి. అప్పుడు చెయ్యి తీస్తే 'టాసిటర్న్' దానంతటదే దొరుకుతుంది. ఆరు మాటలిచ్చి రెండు ఎంచుకోమనే ప్రశ్నల్లో ఒక జంట మాటలు ఒకే అర్థంతో ఊరిస్తూ ఉంటాయి గానీ వాక్యానికి కుదరవు. ముందు నీ మాట నీకుంటే ఆ జంట జోలికి పోవు.

వాదనని బలహీనపరిచేది ఏదీ అని అడిగే చిన్న పేరాలు నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే అవి మా ఊళ్ళో రోజూ వినేవే. తెల్లమచ్చ రోగానికి మందు లేదు, అది వైరస్. ఆ ఏడు మా పక్క చెరువాయన ఏదో పొడి చల్లాడు, ఆయన రొయ్య బతికింది, చుట్టుపక్కల పోయింది. పొడి వల్లే బతికిందని ఊరంతా అదే కొన్నారు. కానీ ఆయన రోగం లేదని పరీక్ష చేయించిన రొయ్య పిల్లని తెచ్చి వేశాడు, పక్షులు పడకుండా పైన తీగలు కట్టాడు, పీతలు రాకుండా చుట్టూ వల కట్టాడు. మరి కారణం పొడేనా? ఈ ప్రశ్న అడగడం వచ్చినవాళ్ళకి జీఆర్ఈలో ఆ రకం ప్రశ్న వచ్చినట్టే. నాన్నతో ఈ పేరాలు తెలుగులో చెప్పి వాదించేదాన్ని. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల హోరులో గట్టిగా అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. పది చెప్తే ఏడెనిమిదింటికి ఆయన జవాబే సరిపోయేది.

పరీక్ష ఇప్పుడు చిన్నదైంది. 2023 సెప్టెంబరు నుంచి మొత్తం కలిపి 1 గంట 58 నిమిషాలు. వెర్బల్‌లో రెండు భాగాలు. మొదటిది 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోది 23 నిమిషాల్లో 15. మొదటి భాగం ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టమా తేలికా అన్నది కంప్యూటరు తేలుస్తుంది. తప్పుకి మార్కు కోత లేదు, అందుకే ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. రెండు మూడు ఖాళీలున్న ప్రశ్నలో ఒక్క ఖాళీ తప్పినా మొత్తం పోయినట్టే, సగం మార్కు ఉండదు. వ్యాసం ఒకటే, అరగంట. దానికి నేను వారానికి రెండు రాసుకున్నాను, అంతకు మించి చెప్పడానికేం లేదు. పరీక్ష పెట్టేవాళ్ళే ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనాలు రెండు ఉచితం. వాటిని మొదట్లోనే ఖర్చు చెయ్యకండి. నేను ఒకటి నెల ముందు, ఒకటి వారం ముందు రాశాను. 149, 154.

ఇంట్లోంచే రాసే వీలుంది గానీ, మా ఊళ్ళో కరెంటునీ నెట్టునీ నమ్ముకుని 22 వేల పైచిలుకు ఫీజు పణంగా పెట్టలేకపోయాను. చెన్నైలో సెంటర్ పెట్టుకున్నాను. ఒక్క ముఖ్యమైన మాట. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో రిజిస్ట్రేషన్‌లో అలాగే ఉండాలి. మనకి బడి రికార్డుల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, నా పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. డబ్బు కట్టే ముందు అది కంట పడబట్టి సరిపోయింది.

ముందురోజు నెల్లూరులో పినాకిని రైలెక్కి చెన్నైలో మామయ్య వాళ్ళింట్లో దిగాను. అత్త చేపల పులుసు చేసి పెట్టింది. ఆ రాత్రి పుస్తకం తెరవలేదు. పరీక్షలో మొదటి వెర్బల్ భాగంలో ఒక పొడవాటి పేరా సంగీతం గురించి వచ్చింది. ఒక్క మాట కూడా దారి ఇవ్వలేదు. గుండె దడదడలాడింది. రఫ్ కాగితం మీద క్రియ రాశాను. దాని పక్కన ఎవరు అని రాశాను. చెయ్యి వణుకుతూనే తెలుగులో రెండు లైన్ల తాత్పర్యం రాశాను. దడ తగ్గింది. అప్పుడు ప్రశ్నలోకి వెళ్ళాను.

అయిపోగానే తెర మీద అంకెలు వచ్చాయి. వెర్బల్ 156, లెక్కల భాగం క్వాంట్ 157. వ్యాసం మార్కు తర్వాత వస్తుంది. బయటికొచ్చి లాకర్లోంచి ఫోన్ తీసి నాన్నకి చేశాను. వెనకాల ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"ఏందమ్మా, ఎట్టా రాశావు?"

"156 నాన్నా."

కాసేపు ఏమీ అనలేదు. 141 ఆయనకి గుర్తుంది.

"పదిహేను పెరిగిందా తల్లీ" అన్నాడు. "ఉండు, మీ అమ్మకిస్తా."