నా పసుపు చీటీ

పదకొండున్నర అయింది, నిద్ర రావట్లేదు. కారణం ఒక పసుపు చీటీ. నవ్వకండి.

పాఠాలు చెప్పేవాళ్లకి వర్క్‌షాపులు పెట్టే మా టీచింగ్ సెంటర్‌కి ఈరోజు మూడేళ్ల ప్లాను వేశారు. గోడంతా బ్రౌన్ షీటు. మార్పును ముందుకు తోసేవి ఎడమవైపు, అడ్డం పడేవి కుడివైపు. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు 1940ల్లో చెప్పిన ఫోర్స్ ఫీల్డ్ పద్ధతి. తోయడం పెంచితే ఒత్తిడీ పెరుగుతుంది, ముందు అడ్డాలు తగ్గించమంటాడాయన. మావాళ్లు ఎడమవైపు ఎన్‌ఈపీ 2020 (కొత్త విద్యా విధానం), న్యాక్ (కాలేజీలకి గ్రేడులిచ్చే సంస్థ), ఏఐ అంటూ 14 చీటీలు అంటించారు. కుడివైపు మూడే. అందులో ఒకటి నాది: "వారానికి 18 క్లాసులు చెప్పేవాళ్లు మన వర్క్‌షాపుకి ఎప్పుడొస్తారు?"

కన్సల్టెంటు చదివాడు. "గుడ్ పాయింట్ మేడమ్" అంటూనే పీకి, మూలన 'పార్కింగ్ లాట్' అని రాసిన చోట, అంటే తర్వాత చూద్దాం అనేవాటి మధ్య, అంటించాడు. బెంగళూరులో పార్కింగ్ దొరకడమే గొప్ప అనుకోవాలేమో! భోజనాలయ్యాక ఎవరో ఫ్యాను పెంచారు. నాదొక్కటే ఎగిరిపోయింది.

హిందూపురం దగ్గర మా ఊళ్లో మూడిళ్లకీ ఒకటే బోరు. నీళ్ల వంతులు పెదనాన్న మోటారు గది గోడ మీద బొగ్గుతో గీసేవాడు. మడికో సున్నా, కరెంటుండే గంటకో అడ్డగీత. చిన్నాన్న అలిగొచ్చి తన గీతని ఉమ్మితో చెరిపి మళ్లీ గీసుకునేవాడు. పెదనాన్న నవ్వి ఊరుకునేవాడు. ఎవరి గీత వాళ్లే చెరుపుకోవాలి, అదొక్కటే రూలు. ఆ గోడ ఎప్పుడూ మసిగానే ఉండేది.

ఈ బొమ్మలన్నీ ఉత్త షో అని రాద్దామనే కూర్చున్నా. కానీ మధ్యాహ్నం రిచ్ పిక్చర్ వేయించారు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీలో పీటర్ చెక్‌లాండ్ అనే ప్రొఫెసర్ వాళ్లు మొదలుపెట్టింది. మాటలు తక్కువ, చిక్కు మొత్తం బొమ్మలో రావాలి. టీ తెచ్చిన అటెండరు చేతిలోనూ ఎవరో స్కెచ్ పెన్ను పెట్టారు. అతను మెట్లు గీశాడు, నాలుగంతస్తులు. పైన ఇంత పెద్ద తాళం. "సార్లు వస్తారు మేడమ్, బీగ హాకిర్తారె." తాళం వేసేసి ఉంటారని కన్నడంలో అన్నాడు. మా సీమలోనూ తాళాన్ని బీగమే అంటాం కాబట్టి చప్పున అర్థమైంది. మా వర్క్‌షాపు గది తాళంచెవి ఉండే ఆఫీసు నాలుగున్నరకి మూసేస్తారు. క్లాసులు అయ్యేదీ నాలుగున్నరకే. రెండేళ్లుగా ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంపుతున్నాం, ఒక్క దాంట్లోనూ ఈ ముక్క లేదు.

సరే, బొమ్మలు మంచివే. ఆ కన్సల్టెంటు మీద కోపం మాత్రం తగ్గలేదు.

రేపు ఏడున్నరకల్లా వెళ్తే, ఊడ్చే ఆవిడ బుట్ట ఖాళీ చేసేలోపు నా చీటీ దొరకొచ్చు.