ఆవిడని పూర్తి చెయ్యనిద్దాం

"ఒక్క నిమిషం, ఆవిడని పూర్తి చెయ్యనిద్దాం."

మా మేనేజర్ ఈ మాట అన్నది 2019 జనవరిలో, బోస్టన్‌లో, మంగళవారం పొద్దున 10 గంటల స్టేటస్ మీటింగులో, పదకొండు మంది ముందు. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు, చెయ్యి కాస్త పైకెత్తి నా వైపు చూసి అన్నాడు, అంతే. నా సర్వీసులో నన్ను తిట్టిన మేనేజర్లు ఉన్నారు, హైదరాబాదులో అయితే ఒకాయన నా మీదకి ఫైలు విసిరేశాడు కూడా, అది ఏ ఏడాదో అడిగితే ఇప్పుడు చెప్పలేను. ఇది మాత్రం నేను ఆరోజు వేసుకున్న స్వెటర్‌తో సహా గుర్తుంది.

జరిగిందేంటంటే, మా టెస్టింగ్ లీడ్, బ్రెజిల్ నుంచి వచ్చినావిడ, నెలాఖరున నడిచే బ్యాచ్ ప్రోగ్రామ్ ఎందుకు ఫెయిలవుతోందో చెప్తోంది. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, మాట కోసం వెతుక్కుంటూ మాట్లాడుతుంది. టైమ్ అయిపోతోందని నేనే అందుకుని "ఆవిడ అనేదేంటంటే, టెస్ట్ డేటా పాతది" అనేశా. సాయం చేస్తున్నాననే అనుకున్నా, ఒట్టు. మేనేజర్ ఆ మాట అన్నాక ఆవిడ నీళ్ళు తాగి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. "నేను చెప్పేది అది కాదు" అంది. 31వ తారీఖున మొదలైన పాలసీలకి తర్వాత నెలలో ఆ తారీఖే లేకపోవడంతో ప్రోగ్రామ్ ఆగిపోతోంది, డేటాకి దానికి సంబంధం లేదు. ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే.

సాయంత్రం క్విన్సీ వెళ్ళే రైల్లో కూర్చుని ఫోన్ తీస్తే మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో డెబ్భై మెసేజిలు, అన్నీ ఒక వీడియో గురించే. జిల్లెట్ వాళ్ళ కొత్త యాడ్. 1989 నుంచి "ద బెస్ట్ ఎ మ్యాన్ కెన్ గెట్", అంటే మగాడికి దొరికేదాంట్లో ఇదే బెస్ట్, అని అమ్ముకుంటున్న కంపెనీ, ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఆ మాటనే ప్రశ్నగా మార్చి మగాళ్ళ మొహం మీద అడిగింది, మనం చెయ్యగలిగింది ఇంతేనా అని. 1 నిమిషం 48 సెకన్లు. బ్లేడు గురించి దాదాపు ఏమీ ఉండదు. వెంటపడి కొట్టే పిల్లలు, వరసగా బార్బెక్యూ పొయ్యిల వెనక చేతులు కట్టుకుని నిలబడి "మగపిల్లలంటే అంతే" అని జపంలా అంటున్న తండ్రులు, తర్వాత ఒక ఆఫీసు మీటింగు. అందులో ఒకాయన పక్కనున్న ఆవిడ భుజం మీద చెయ్యేసి, "నిజానికి ఆవిడ చెప్పాలనుకునేది ఏంటంటే" అంటాడు.

నాకు చెవులు వేడెక్కాయి. పొద్దున జరిగింది ఎవరైనా చూసి తీశారా అనిపించింది. నేను భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఆ తేడా ఒక్కటి పట్టుకుని వేలాడా చాలాసేపు.

ఆ కంపెనీ ఊరికే ఏదో కంపెనీ కాదు నాకు. 1901లో ఇదే బోస్టన్‌లో పుట్టింది, సౌత్ బోస్టన్‌లో ఫ్యాక్టరీ అప్పటికీ ఉంది, మా స్టేట్ ఫుట్‌బాల్ టీమ్ ప్యాట్రియట్స్ ఆడే స్టేడియానికి కూడా ఆ పేరే. అంతకన్నా ముందు తెనాలిలో మా నాన్న. ఆదివారం పొద్దున వరండా స్తంభానికి అద్దం తగిలించి, జిల్లెట్ వాళ్ళదే అయిన సెవెన్ ఓ క్లాక్ బ్లేడు కాగితం విప్పి, రెండు వైపులా వాడి, వారం పొడుగునా అదే బ్లేడు తుడిచి మళ్ళీ కాగితంలో పెట్టి, చివర్లో పటిక రాసుకుంటే వచ్చే ఆ చల్లదనం. పై పెదవి దగ్గరకొచ్చేసరికి చెయ్యి చాలా నెమ్మదించేది, మీసం చివర వెంట్రుక ఒక్కటి తెగినా ఆరోజంతా ఆయన మూడ్ బాగుండదు. మగాడంటే ఏంటో నేను నేర్చుకున్నది ఆ అద్దం పక్కన నిలబడే. అలాంటి వస్తువు అమ్మేవాడు వచ్చి నువ్వు సరిగ్గా లేవు అంటే గుచ్చుకోదా?

కాబట్టి మా గ్రూపులో అందరితో పాటు నేనూ రాశా, చాలా పెద్ద మెసేజే రాశా. బ్లేళ్ళు అమ్ముకునేవాళ్ళు మాకు నీతులు చెప్పేదేంటి, ఎవడో ఒకడు చేస్తే అందర్నీ కలిపి అంటారా, ఇలా. బయట అమెరికాలోనూ ఇదే గోల. యూట్యూబ్‌లో లైకుల కన్నా డిస్‌లైకులు ఎన్నో రెట్లు, బ్రిటన్‌లో యాంకర్ పియర్స్ మోర్గన్ లాంటివాళ్ళు టీవీలో మండిపడ్డారు, రేజర్లు టాయిలెట్లో పడేసి ఫొటోలు పెట్టినవాళ్ళున్నారు. కంపెనీ మూడేళ్ళ పాటు ఏడాదికి పది లక్షల డాలర్లు స్వచ్ఛంద సంస్థలకి ఇస్తామంది, అది ఎవరికీ పట్టలేదు. ఆ జూలైలో జిల్లెట్ ఓనర్లు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళు తమ లెక్కల్లో జిల్లెట్ విలువని 800 కోట్ల డాలర్లు తగ్గించి రాసుకుంటే, చూశారా మగాళ్ళ దెబ్బ అని గ్రూపులో పండగ చేసుకున్నారు. కంపెనీ చెప్పిన కారణాలు వేరే, డాలర్‌తో మిగతా కరెన్సీలు పడిపోవడం, పోటీ పెరగడం, మగాళ్ళు గడ్డం గీసుకోవడం తగ్గించడం. అప్పటికి మాలో సగం మంది గడ్డాలతోనే ఉన్నాం.

మీటింగు జరిగిన రోజు రాత్రే మా ఆవిడకి ఆ సంగతి చెప్పా, ఓదారుస్తుందని. విని "మీరు ఇంట్లోనూ అంతే కదండీ" అంది, చాలా మామూలుగా, చపాతీ తిప్పుతూ. "నేను మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్కనుంచి వచ్చి, అది కాదు అత్తయ్యగారూ, ఇది చెప్పేదేంటంటే అంటారు. పదమూడేళ్ళ నుంచీ అంటున్నారు." నేను ఎప్పుడూ గమనించలేదు. నువ్వెప్పుడూ చెప్పలేదేం అన్నా. "అమ్మ ముందు ఎలా చెప్తానండీ" అంది.

అక్కడే నా గొడవంతా ఉంది. తప్పు చేశానంటే ఒప్పుకుంటా, కానీ నలుగురిలో అంటారా? మనకి ఒక పద్ధతి ఉంది కదా. మా నాన్న హెడ్మాస్టరు, స్టాఫ్‌లో ఎవరైనా తప్పు చేస్తే సాయంత్రం స్కూలు వదిలాక సైకిలు పట్టుకుని వాళ్ళతో పాటు నడుచుకుంటూ, సంత సంగతులు, పిల్లల సంగతులు మాట్లాడి, చివర్లో ఒక్క ముక్క చెప్పేవాడు. ఆ మనిషి పరువు ఆ మనిషి దగ్గరే ఉండేది. ఈ దేశంలో అందరికీ సమానంగా గౌరవం అంటారు, మరి పదకొండు మంది ముందు నన్ను ఆపినప్పుడు నా గౌరవం ఏమైంది అని నేను చాలా రోజులు, నిజం చెప్పాలంటే నెలలు, లోపల్లోపల పోట్లాడుకున్నా. ఆ మేనేజర్ మర్నాడు కాఫీ తెచ్చిచ్చి, ప్యాట్రియట్స్ మ్యాచ్ గురించి మాట్లాడాడు, ఏమీ జరగనట్టే. వాళ్ళకి అది మాట మీద ఆగింది, నాకు మనిషి దాకా వచ్చింది.

నా వాదనకి బలం కూడా దొరికింది. అదే ఏడాది అదే కంపెనీ మన దేశంలో ఇంకో యాడ్ తీసింది. ఉత్తరప్రదేశ్‌లో బన్వారీ టోలా అనే పల్లెలో జ్యోతి, నేహా అనే అక్కాచెల్లెళ్ళు, తండ్రి జబ్బుపడితే ఆయన కటింగ్ షాపు నడిపారు, మొదట్లో మగపిల్లల్లా జుట్టు కత్తిరించుకుని, పేర్లు మార్చుకుని. దాంట్లో ఎవర్నీ దులపలేదు. ఆడపిల్ల చేతిలో కత్తి పెట్టి గడ్డం గీయించుకోడానికి కూర్చున్న మగాణ్ణి చూపించారు, పక్కనే చూస్తున్న చిన్న కుర్రాణ్ణి చూపించారు. ఆ మేలో సచిన్ టెండూల్కర్ వాళ్ళ దగ్గర గడ్డం గీయించుకుని ఫొటో పెట్టాడు. మా గ్రూపులో జనవరిలో బూతులు రాసినవాళ్ళే దీనికి దణ్ణాలు పెట్టారు. చూశావా, చెప్పే తీరులో చెప్తే మనవాళ్ళు వింటారు, మనది మెత్తగా చెప్తే అర్థం చేసుకునే జాతి అని మా ఆవిడతో గర్వంగా అన్నా. నిజంగా గర్వపడ్డా, ఇక్కడ చలిలో కూర్చుని మనూరి మీద గాలి మళ్ళితే అన్నీ మంచివే కనిపిస్తాయి.

2022 జూన్‌లో ఆ గర్వం పోయింది. ఇంగ్లాండ్, న్యూజీలాండ్ టెస్టు మధ్యలో ఇండియా టీవీలో వచ్చిన యాడ్ అంటూ ఎవరో పంపారు. లేయర్ షాట్ అనే బాడీ స్ప్రేది. షాపులో ఒక అమ్మాయి, వెనక నలుగురు కుర్రాళ్ళు, మనం నలుగురం, ఉన్నది ఒక్కటి, షాట్ ఎవరు కొడతారు అంటారు. ఆ అమ్మాయి భయంతో వెనక్కి తిరుగుతుంది. తర్వాత తెలుస్తుంది వాళ్ళు అన్నది సీసా గురించని. ఇంకోదాంట్లో బెడ్రూమ్‌లోకి కుర్రాళ్ళు వస్తారు, అలాంటి రెండర్థాల మాటే. అప్పుడే జూబ్లీహిల్స్‌లో ఒక మైనర్ అమ్మాయి మీద జరిగిన ఘోరం వార్తల్లో నడుస్తోంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగిన మొహం దగ్గర మా ఆవిడ ఫోను ఆపేసి నాకిచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు.

జనం ఊరుకోలేదు, అది చెప్పాలి. సినిమావాళ్ళు, ఢిల్లీ మహిళా కమిషన్, మామూలు జనం అంతా గట్టిగా అడిగితే రోజుల్లోనే కేంద్రం ఆ యాడ్ ఆపించింది, ట్విట్టర్, యూట్యూబ్‌లోంచి తీసెయ్యమంది, కంపెనీ క్షమాపణ చెప్పింది. ఇక్కడ మగాళ్ళని మంచిగా ఉండమంటే గోల, అక్కడ ఆడపిల్ల భయంతో ఆడుకుంటే గోల, ఎవరి కోపం సరైనది చెప్పు అని మళ్ళీ మనవాళ్ళనే వెనకేసుకొచ్చా నాలో నేను. కానీ ఒక ప్రశ్న వదల్లేదు. ఆ యాడ్ రాసినప్పుడు, తీసినప్పుడు, ఎడిట్ చేసినప్పుడు, ఛానెల్‌కి పంపినప్పుడు అన్ని గదుల్లో అంతమంది కూర్చుని ఉంటారు కదా. ఎవరో ఒకరికి అనిపించే ఉంటుంది. సాయంత్రం పక్కకి పిలిచి చెబుదాంలే అనుకున్నారేమో, అందరి ముందు సర్‌ని ఏమంటాంలే అనుకున్నారేమో. 2019లో మా మేనేజర్ ఎత్తిన ఆ చెయ్యి అప్పుడు నాకు వేరేగా గుర్తొచ్చింది.

ఇప్పుడు పోయిన వారం. మా టీమ్‌లో కొత్తగా చేరాడు ఒక కుర్రాడు, వరంగల్, చాలా తెలివైనవాడు, నన్ను అన్నా అంటాడు. మీటింగులో ఆ బ్రెజిల్ ఆవిడే, ఇప్పుడు డైరెక్టరు, ఏదో వివరిస్తుంటే మధ్యలో అందుకుని ఆవిడ వాక్యం వాడే పూర్తిచేశాడు. పాత మేనేజర్ రిటైరైపోయాడు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. నాకు నోటి దాకా వచ్చింది, ఆగిపోయా. పిల్లాడు కొత్త, వీసా టెన్షన్‌లో ఉన్నాడు, నలుగురిలో ఎందుకులే అని. సాయంత్రం పార్కింగ్ దాకా వాడితో నడిచా, పెళ్ళి సంబంధాలు అడిగా, వాళ్ళమ్మగారి మోకాళ్ళ గురించి అడిగా, చివర్లో "ఏమనుకోకు తమ్ముడూ" అని చెప్పా. వాడు కళ్ళు దించుకుని "సారీ అన్నా, మంచిగ చెప్పినవ్" అన్నాడు. అచ్చం మా నాన్నలా చేశానని కారెక్కేదాకా సంతోషంగానే ఉంది.

తర్వాత ఆలోచిస్తే, ఆవిడకి ఇదేమీ తెలీదు. ఆ గదిలో తన మాట కోసేస్తే చూసినవాడు ఒకడున్నాడని ఆవిడకి ఎలా తెలుస్తుంది? వాడి పరువు నేను కాపాడా, ఆవిడ వాక్యం మాత్రం సగంలోనే ఉండిపోయింది. ఆరోజు మా మేనేజర్ నా వైపు చూసి అన్నాడు కాబట్టి నన్నే అన్నాడనుకున్నా ఇన్నేళ్ళు. ఆయన మాట్లాడింది ఆవిడతో. ఆవిడ నీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడానికి.

మా నాన్న పద్ధతి తప్పని ఇప్పటికీ అనలేను, అనబుద్ధి కావట్లేదు. రేపు మంగళవారం, 10 గంటలకి మళ్ళీ అదే మీటింగు, కుర్రాడు నా పక్కనే కూర్చుంటాడు.