మన చెరువుల్లో ఇండోప్లానార్బిస్‌ను గుర్తుపట్టడం, నమోదు చేయడం

వానాకాలం పోయి నీళ్లు తేటపడ్డాక చెరువు శిఖం అంచున ఒక గుర్రపుడెక్క మొక్కను లాగి వేళ్లు దులిపితే నాలుగైదు రకాల నత్తలు రాలతాయి. వాటిలో జిలేబీలా చుట్టుకుని గోధుమరంగులో ఉండేది చాలావరకు ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్. ఫ్రెంచి శాస్త్రవేత్త దెషాయ్ 1834లో దీన్ని ప్లానార్బిస్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, జీనస్) పెట్టాడు. 1921లో జంతుశాస్త్రవేత్తలు అన్నండేల్, ప్రషాద్ దీనికోసమే ఇండోప్లానార్బిస్ ప్రజాతిని ఏర్పరిచారు. ఆకారం ప్లానార్బిస్‌దే అయినా దగ్గరి చుట్టం ఆఫ్రికాలోని బులినస్. డీఎన్ఏ పరిశోధనలు చూస్తే ఈ ఒక్క పేరు కింద ఒకటికి మించి వంశాలున్నాయి. అందుకే గుల్ల ఒక్కటే దాచి ఊరుకోవద్దు, మాంసం కూడా భద్రపరచాలి.

ఎక్కువమంది తడబడేది దీని పిల్లల దగ్గర. గైరాలస్ అనే చిన్న నత్త పూర్తిగా ఎదిగినా ఆరేడు మిల్లీమీటర్లే. అంతే వెడల్పున్న ఇండోప్లానార్బిస్ పిల్లను పక్కన పెట్టి గుల్ల ఎత్తు కొలవండి. గైరాలస్ ఎత్తు వెడల్పులో నాలుగో వంతు దగ్గర ఉంటుంది, పలచని బిళ్ల. ఇండోప్లానార్బిస్‌ది సగం దాకా వస్తుంది. చిదిమితే ఎర్రటి ద్రవం వచ్చింది కదా అని ఇదే అనుకోవద్దు, గైరాలస్ రక్తంలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది. ఎరుపు పనికొచ్చేది లిమ్నియా అనే మరో నత్తను వేరు చేయడానికే. గుల్ల నోటికి గట్టి మూత ఉంటే అది గాబియానో మెలనాయిడిసో, ఈ రెండూ కాదు. ఖాళీ గుల్లను ఎటు తిప్పి పట్టుకుంటే అటు కుడిచుట్టులాగో ఎడమచుట్టులాగో కనిపిస్తుంది కాబట్టి బతికున్నదాన్ని చూడాలి: దీని శ్వాసరంధ్రం ఎడమవైపు ఉంటుంది.

సేకరణకు కర్రకు కట్టిన చాయ్ జాలి చాలు. చేతికి రబ్బరు గ్లౌజులు మాత్రం తప్పనిసరి. పశువులకు గురక రోగం తెచ్చే సిస్టోసోమా నాసాలే అనే పరాన్నజీవి పురుగు లార్వా పెరిగేది ఈ నత్తలోనే. ఇదే వర్గం పురుగుల లార్వాలు మన చర్మంలోకి దూరి అక్కడే చస్తాయి. పొలంలో దిగినవాళ్ల కాళ్లకు పట్టే దురదకు అదొక కారణం.

నత్తను నేరుగా స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోయి లోపలి అవయవాలు చూడ్డానికి పనికిరాదు. నీళ్లలో కాస్త పుదీనా పువ్వు (మెంథాల్ పలుకులు) చల్లి రాత్రంతా ఉంచి, ముట్టుకుంటే కదలనప్పుడు 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. డీఎన్ఏకైతే 95 శాతం. ఫార్మలిన్ వద్దు: నిల్వలో ఆమ్లంగా మారి గుల్లను తినేస్తుంది, డీఎన్ఏనూ పాడుచేస్తుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

చీటీ మీద ఒట్టి ‘వరంగల్’ అని రాస్తే లాభం లేదు. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో ములుగు వేరైంది, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా మారింది. పాత నమూనా మీద ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే అది పాఖాలదో, రామప్పదో, లక్నవరందో ఎవరు చెప్పాలి? చెరువు పేరు, ఊరు, మండలం, జీపీఎస్ అంకెలు, మత్తడి దగ్గరా తూము దగ్గరా అన్నదీ రాయండి.

ఎండాకాలంలో కనిపించలేదని ‘లేదు’ అని నమోదు చేయొద్దు. కుంట ఎండితే ఇది బురదలోకి దిగి తడి తగిలేదాకా ఆగగలదు. కట్ట మీద దొరికిన తెల్లబడ్డ ఖాళీ గుల్లతో ‘ఉంది’ అనడమూ అంతే తప్పు. అది పైచెరువు నుంచి కాలువలో కొట్టుకొచ్చినదైనా కావచ్చు. దాన్ని ‘ఖాళీ గుల్ల’ అని విడిగానే రాయాలి.